గాలి లేని రోజు గడ్డకట్టిన నీళ్ళు

పెర్చ్ సరస్సు, మిన్నెసోటా
జనవరి 6

ఒరేయ్ రోల్ఫ్,

ఈ ఉత్తరం కంప్యూటర్లో పంపుతున్నాను. పార్సెల్ మాత్రం ఇవాళ పొద్దున పోస్టులో పడింది. చేరడానికి నాలుగైదు వారాలు పడుతుందట. ఫిబ్రవరి మధ్యలో ఆఖరి విమానం వెళ్ళిపోతే అక్టోబరు ఆఖరుదాకా దక్షిణ ధ్రువానికి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఉండరన్నావు కదా, అందుకని క్రిస్మస్ చెట్టు తీయకముందే కట్టేశాను. ఊలు మేజోళ్ళు మూడు జతలు, కాఫీపొడి రెండు పొట్లాలు, అమ్మ పద్ధతిలో చేసిన ఏలకుల బిస్కెట్లు తొంభైఆరు, నీలిరంగు గుండ్రటి రేకు డబ్బాలో. "అక్కడ నలభైమంది ఉంటారట, తొంభైఆరు ఏ మూలకి?" అన్నాడు మీ బావ డ్వేన్. "ఆ నలభైమందీ నా తమ్ముళ్ళు కాదు" అన్నాను.

ఐలా గారికి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. డెబ్భైతొమ్మిదేళ్ళకి అది మామూలేనని ఆవిడ మాట. నీకు ఫిజిక్సు చెప్పిన మనిషి, రిటైరై మా పక్కింట్లో దిగిన ఈ పదకొండేళ్ళలో నాకు ఒక్క ముక్కా చెప్పలేదు, నేనూ అడగలేదు. గురువారం నేను సూపు పట్టుకెళ్తాను. శనివారం ఆవిడ ఆవిరిస్నానం గది, అదే సౌనా, రాజేసి నన్ను పిలుస్తారు. నిన్న మాత్రం అడిగాను: "మా వాడు ఏడాదిపాటు అక్కడ వెతికేదేమిటండీ?"

"మొట్టమొదటి క్షణం తాలూకు ఆనవాలు."

"దొరుకుతుందా?"

"ముప్పైయేళ్ళుగా రోజూ ఆ ప్రశ్నతోనే నిద్ర లేస్తున్నానమ్మాయ్" అన్నారు. చెంచా గిన్నెలోనే ఉండిపోయింది. ఆవిడ ముఖం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు.

నా సరస్సు పుస్తకం, మంచు కట్టిందీ కరిగిందీ రాసేది, నీకు తెలుసు కదా. అమ్మ పెట్టిన నియమమే: ఎడమ పేజీలో చూసింది, కుడి పేజీలో అనుకున్నది. రెండూ కలపకూడదు. నీ ఉత్తరాలు కూడా అచ్చు తీసి తేదీల వరసన దస్త్రంలో పెడతాను. కాబట్టి నాకు ఎడమ పేజీ రాయి. గొప్పలు తర్వాత.

అక్క,
ఆర్లిస్

*

దక్షిణ ధ్రువం
ఫిబ్రవరి 21

అక్కా,

డబ్బా ఆఖరి విమానానికి ముందు విమానంలో వచ్చింది. తొంభైఆరులో పదకొండు విరిగాయి. విరిగినవే ముందు తిన్నాను, నువ్వు మెచ్చుకుంటావని. ఆ తర్వాత ఆఖరి విమానం గాల్లోకి లేచి, మా నెత్తిమీద ఒకసారి చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. నలభైమూడుమందిమి మంచుమీద నిలబడి చేతులూపాం. మా వంటావిడ డెలోరిస్ "హమ్మయ్య, చుట్టాలు పోయారు" అంది. అందరూ నవ్వారు గానీ ఎవరూ వెంటనే లోపలికి వెళ్ళలేదు.

ఇక ఎడమ పేజీ. బసకీ టెలిస్కోపుకీ మధ్య కిలోమీటరు దూరం. చీకటి పడ్డాక దారి తప్పకుండా జెండాలు పాతారు. టెలిస్కోపు చుట్టూ ఇల్లంత ఎత్తున రేకుల పళ్ళెం ఒకటి, అంచు పైకి లేచి ఉంటుంది. నేల వెచ్చదనం టెలిస్కోపు కంట పడకుండా అడ్డం అన్నమాట. ఇక్కడ నేల వెచ్చదనం అంటే చలికాలంలో సున్నాకి దిగువ అరవై డిగ్రీలు! అయినా మేం వెతికేదాని ముందు అదే కొలిమి. నేను రోజూ వెళ్ళి అద్దం మీద పడ్డ మంచుపొడి చీపురుతో మెల్లగా తుడుస్తాను. ఇంత చదువూ చదివి చేసేది ఊడ్చే పని అని బావతో చెప్పు, సంతోషిస్తాడు.

ఒక సంగతి నీకు నచ్చుతుంది. జవాబు మా నుంచి మేమే దాచుకుంటాం. గత మూడు శీతాకాలాల కొలతలన్నీ ఒక పెట్టెలో ఉన్నాయనుకో. దాన్ని రకరకాలుగా రెండేసి భాగాలు చేసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తాం: ముందు సగం, వెనక సగం, ఎడమవైపు తిరిగినప్పటిది, కుడివైపు తిరిగినప్పటిది. ఆకాశం ఒక్కటే కాబట్టి ఏమీ మిగలకూడదు. మిగిలిందంటే తప్పు మనది. ఈ పరీక్షలన్నీ నెగ్గేదాకా అసలు బొమ్మ ఎవరూ చూడకూడదు. మనిషి తను కోరుకున్నదే చూస్తాడని ఆ నియమం పెట్టింది ఐలా గారే. పెట్టె అక్టోబరులో తెరుస్తారు. ఆవిడ ముప్పైయేళ్ళ ప్రశ్నకి అప్పుడు జవాబు.

నీ తమ్ముడు,
రోల్ఫ్

*

పెర్చ్ సరస్సు
ఏప్రిల్ 25

రోల్ఫ్,

మొన్న ఇరవైమూడున మంచు కరిగి సరస్సు తెరుచుకుంది. మన రేవు నుంచి ఎదురొడ్డుదాకా పడవ మంచుకి తగలకుండా వెళ్ళాలి, అదే నా కొలత. పొరుగాయన ఇరవైరెండు అంటాడు. ఆయన కిటికీలోంచి చూసి చెప్తాడు, నేను పడవేసుకుని వెళ్తాను.

రెండో సంగతి ఎలా రాయాలో తెలియక మూడు రోజులు ఆగాను. ఐలా గారి గుండె బాగా దెబ్బతింది. డాక్టరు మందులిచ్చి ఇంటికి పంపాడు. నన్ను పక్కకి పిలిచి, క్రిస్మస్ చూడటం కష్టమన్నాడు. ఆవిడ గదిలోంచి "అమ్మాయ్, ఎంతన్నాడు?" అని అరిచారు. అబద్ధం చెప్పలేకపోయాను.

"క్రిస్మస్ అన్నాడండీ."

"పెట్టె అక్టోబరులో కదా? సరిపోతుంది" అన్నారు.

అదేరా ఆవిడ అడిగింది. ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రం నాకు మొదటిసారి పాఠం చెప్పారు. నవంబరులో సరస్సు గడ్డకట్టిన పొద్దున నేను ఒడ్డంతా తిరిగి మంచు ఎలా ఉందో రాసుకుంటాను కదా. గాలిలో కట్టిన మంచు గరుకుగా, పలకలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటుంది. ఏ ఒడ్డున పేరుకుందో చూస్తే గాలి ఎటునుంచి వచ్చిందో తెలిసిపోతుంది. గాలి లేకుండా కడితే నల్లగా, అద్దంలా ఉంటుంది. గడ్డకట్టేటప్పుడు నేను అక్కడ ఉండను. అయినా ఏ గాలి వీచిందో చెప్పగలను.

"మా వాళ్ళు చేసేదీ అదే. విశ్వం పుట్టిన కొత్తలో అంతా వేడి పొగమంచు. మూడులక్షల ఎనభైవేల ఏళ్ళకి చల్లబడి తేటపడింది. అప్పుడు విడుదలైన వెలుతురు ఇంకా దారిలోనే ఉంది. అదే మన మంచు. దానికి చాలా ముందు, మొదటి క్షణంలో లక్షోవంతులో లక్షోవంతు కూడా కాని కాలంలో, విశ్వమంతా ఒక్కసారిగా ఉబ్బిందనుకుంటున్నాం. అంత పెద్ద గాలి వీస్తే మంచు మీద జాడ పడాలి కదా? ఆ వెలుతురు ఊగే దిక్కుల్లో చిన్న సుడి లాంటి జాడ. అదొక్కటి కనిపిస్తే చాలు, ఆ గాలి నిజంగా వీచిందని తెలుస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చి పెరట్లో చాలాసేపు నిలబడ్డాను. ముప్పైయేళ్ళుగా నేను పుస్తకంలో రాస్తున్నది ఇంత పెద్ద పని అని నాకు తెలియదు.

అక్క

*

దక్షిణ ధ్రువం
జూన్ 12

అక్కా,

ఐలా గారి కబురు చదివి ఏం రాయాలో తోచక ఇన్నాళ్ళూ రాయలేదు. ఆవిడే లేకపోతే నేను మన నాన్నలా ఖనిజం ఓడల రేవులో ఉండేవాణ్ణి. అక్టోబరుదాకా ఉంటారు కదా? నువ్వున్నావు, ఉంటారు.

సూర్యుడు మార్చిలో మునిగాడు. ఇవాళ సున్నాకి దిగువ అరవైఎనిమిది. ఊపిరి వదిలితే చెవుల పక్కన గరగరమని గడ్డకట్టిన చప్పుడు వినిపిస్తుంది. నిన్న టెలిస్కోపుకి వెళ్తూ సగం దారిలో దీపం ఆర్పేశాను. పాలపుంత కింద నా నీడ కనపడిందేమో అనిపించింది. కుడి పేజీలో వేసుకో, నిజంగా చూశానో లేదో చెప్పలేను. ఒకటి మాత్రం నిజం. ఆ పాత వెలుతురు అప్పుడు కూడా నా ముఖం మీద పడుతూనే ఉంది. పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళు ఎక్కడా ఆగకుండా వచ్చి నా ముక్కు మీద ఆగింది.

తొమ్మిదో తేదీన పెద్ద మంచు తుఫాను. రేకుల పళ్ళెంలో రెండు పలకల మధ్య అతుకు ఊడి పిడికిలంత కంత పడింది. మంచు లోపలికి కొడుతోంది. సరైన అతుకు రేకు సామాను గదిలో ఎక్కడో అడుగున ఉంది. చేతికి దొరికింది ఏమిటో చెప్పుకో: నీ బిస్కెట్ డబ్బా మూత! నాలుగు మరలు బిగించి కంత మూసేశాను. చక్కగా సరిపోయింది. విశ్వం పుట్టుకకి ఇప్పుడు నీ మూతే కాపలా. ఊరికే తాత్కాలికం, గాలి తగ్గగానే మారుస్తాను.

బిస్కెట్లు పన్నెండు మిగిలాయి.

రోల్ఫ్

*

పెర్చ్ సరస్సు
జులై 19

రోల్ఫ్,

నెలకి పైగా అయింది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఉత్తరాలు మోసే ఉపగ్రహం మీకు రోజుకి కొన్ని గంటలే కనిపిస్తుందని తెలుసు. కొన్ని గంటలు కనిపిస్తుందని కూడా తెలుసు.

ఐలా గారు ఇప్పుడు కిందిగదిలోనే పడుకుంటున్నారు. కాళ్ళకి నీరు దిగింది. డ్వేన్ మంచాన్ని సరస్సు కనిపించేటట్టు తిప్పాడు. "ఇంకాస్త ఎడమకి. నీకు మంచు తోసే లారీ తోలడం తప్ప ఏమీ రాదా?" అని డ్వేన్‌ని ఆటపట్టించారు. "లారీ అయితే తిట్టదండీ" అన్నాడు. ఇద్దరికీ పడుతుంది.

గోడ మీద క్యాలెండరులో అక్టోబరు కాగితం ముందే తిప్పి పెట్టారు. ఇది జులై అంటే, "నాకు తెలుసు, నేను చూసేది అటే" అంటారు.

ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు కూడా నువ్వు మాట్లాడకపోతే ఏదో విరిగిందని అమ్మ చెప్పేది.

అక్క

*

దక్షిణ ధ్రువం
ఆగస్టు 11

అక్కా,

ఇది ఎవరికీ చెప్పకు. ఒక్కరికి తప్ప.

నేను చేయకూడని పని చేశాను. పెట్టె తెరవలేదు, అది నా చేతిలో లేదు. కానీ ఈ ఏడాది కొలతలు రోజూ నా ముందునుంచే పోతాయి. యంత్రం బాగుందో లేదో చూడటానికి మాత్రమే అవి నాకిచ్చింది. నేను వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ వచ్చాను. ఫిబ్రవరి నుంచీ. జులైలో ఒక బొమ్మ లేచింది.

సుడి. అక్కా, సుడి ఉంది.

మన పాలపుంతలోని ధూళి కూడా ఇలాంటి సుడులే పుట్టిస్తుంది, వెనక చాలామంది దాని దగ్గరే బోర్లాపడ్డారు. కానీ ధూళి ఒక్కో రంగు కిరణంలో ఒక్కోలా కనిపిస్తుంది. ఇది నేను చూసిన రెండు రంగుల్లోనూ ఒక్కలాగే ఉంది. అంటే ధూళి కాదు. మూడు రోజులు నిద్ర లేదు. భోజనాల గదిలో డెలోరిస్ "నీకు జ్వరమా?" అని అడిగింది. నలభైరెండుమంది ముందు కూర్చుని రొట్టె తింటూ, సృష్టి మొదటి క్షణాన్ని భూమ్మీద చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ కూర్చున్నాను. సంతోషం కాదది, అంతకంటే పెద్దది. భయానికి దగ్గరది.

అక్టోబరు దాకా ఆవిడ ఉంటారో లేదో. ఉండి, పెట్టె తెరిచేది ఆలస్యమైతే? ఆవిడకి చెప్పు. చెవిలో చెప్పు చాలు. "ఉంది" అను. ఆ ఒక్క మాట విని వెళ్ళనీ.

రోల్ఫ్

*

పెర్చ్ సరస్సు
ఆగస్టు 15

రోల్ఫ్,

ఆవిడకి ఏం చెప్పాలన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నాకొకటి చేసిపెట్టు.

నిన్న నీ ఉత్తరాలన్నీ బల్లమీద పరిచాను. జులైలో బొమ్మ లేచిందన్నావు. ఫిబ్రవరి నుంచీ కొలుస్తున్నావు కదా, మేలో ఎందుకు లేవలేదు? ఎక్కువ పేర్చేకొద్దీ స్పష్టమవుతుందని నువ్వనవచ్చు. నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా జూన్ 12 ఉత్తరంలో ఉన్నది: తొమ్మిదో తేదీన నా డబ్బా మూత అక్కడ బిగించావు. దాన్ని మార్చినట్టు ఆ తర్వాత ఏ ఉత్తరంలోనూ లేదు.

సరస్సులో పడవ కట్టే గుంజ మార్చిన ఏడు దాని చుట్టూ మంచు వేరే రకంగా కట్టింది. గాలి మారిందని రాసుకున్నాను, కుడి పేజీలో. మారింది గుంజ.

జూన్ తొమ్మిదికి ముందుది ఒక పక్క, తర్వాతది ఒక పక్క పెట్టు. ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యి. ఏం మిగిలిందో రాయి.

అక్క

*

దక్షిణ ధ్రువం
ఆగస్టు 16

అక్కా,

నేను నిన్ను అడిగింది ఒక మాట చెప్పమని. లెక్క సరిచూడమని కాదు. ఇరవైరెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. బిస్కెట్ డబ్బా మూతకీ విశ్వం పుట్టుకకీ తేడా తెలియనివాణ్ణి కాదు. నువ్వు నీ సరస్సు చూసుకో.

ఒక ముసలావిడ చనిపోతోంది. ఆవిడకి ఒక్క మాట దక్కకుండా నీ పుస్తకం అడ్డం పెడుతున్నావు.

రోల్ఫ్

*

దక్షిణ ధ్రువం
ఆగస్టు 30

అక్కా,

రెండు వారాలు నీకు రాయలేకపోయాను. ఎందుకో చెప్తాను. ఎడమ పేజీ మాత్రమే.

ఆ ఉత్తరం పంపిన గంటకే లెక్క వేయడం మొదలుపెట్టాను. నువ్వు తప్పని చూపించడానికి. జూన్ తొమ్మిదికి ముందు: సుడి లేదు. తర్వాత: ఉన్నదంతా అక్కడే. ఒకదాంట్లోంచి ఒకటి తీస్తే మొత్తం మిగిలింది.

అయినా నమ్మలేదు. బట్టలు తొడుక్కుని బయల్దేరాను. ఆవేళ సున్నాకి దిగువ డెబ్భై. మొదటి జెండా, రెండో జెండా, ఇలా వంద జెండాలూ లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. పళ్ళెం ఎక్కి దీపం వేశాను. నీ మూత. అంచుకి కొంచెం వంపు తిరిగి, నేల వెచ్చదనాన్ని సరిగ్గా అద్దానికి చూపిస్తూ. దానిమీద నువ్వంటించిన కాగితం ఇంకా ఉంది: "జనవరి 4, ఏలకులు." నేల వెచ్చదనమే కాబట్టి రెండు రంగుల్లోనూ ఒక్కలా కనిపించింది.

మరలు విప్పాను. సరైన అతుకు రేకు వేశాను. పది రోజులు కొలిచాను. సుడి పోయింది.

మా జట్టు పెద్దాయనకి అంతా రాశాను. పేర్చి చూసిన సంగతి, మూత బిగించి రోజువారీ పనుల పుస్తకంలో రాయని సంగతి. తాత్కాలికమైంది ఏం రాస్తాం అనుకున్నాను. ఇక్కడ అందరం అలాగే అనుకుంటాం. మూత విప్పేదాకా డెబ్భైఒక్క రోజుల కొలతలు కోసి పారేయాలి. ఆయన తిట్టలేదు. "గత మూడేళ్ళ పెట్టెకి నువ్వు తగల్లేదు, దేవుడి దయ" అన్నాడు. తిట్టి ఉంటే బావుండేది.

నువ్వు ఆవిడకి చెప్పలేదు. అదొక్కటే నాకిప్పుడు మిగిలింది. నిన్నన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

రోల్ఫ్

*

పెర్చ్ సరస్సు
సెప్టెంబరు 3

తమ్ముడూ,

నేను నీ దగ్గర ఒకటి దాచాను. ఆవిడకి చెప్పాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే, ఆగస్టు 12న. ఆ పొద్దున ఆవిడ కాఫీ గ్లాసు కూడా ఎత్తలేకపోయారు. ఇంక ఆగలేదు నేను. మంచం పక్కన వంగి, "ఐలా గారూ, రోల్ఫ్ రాశాడు. ఉందట" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి సరస్సు కేసి తిరిగారు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోలేదు. "ఎంత పెద్దది అమ్మాయ్, ఎంత పెద్దది" అని రెండుసార్లు అన్నారు, నాతో కాదు. అలాంటి ముఖం అప్పుడే పుట్టిన బిడ్డని మొదటిసారి చూసే తల్లుల్లో తప్ప నేను చూడలేదు. చెప్పి మంచిపని చేశాననుకున్నాను.

ఆ తర్వాత దుప్పటి అంచుతో ముఖం తుడుచుకుని, టీచరు గొంతుతో అడిగారు:

"పెట్టె తెరిచారా?"

"లేదండీ. వాడే పేర్చి చూశాట్ట."

"అయితే నేనేమీ వినలేదు."

"మీరు సంతోషంగా ఉన్నారు కదండీ, ఉండనివ్వండి."

"సంతోషం కోసమైతే ముప్పైయేళ్ళ క్రితమే అబద్ధం చెప్పుకునేదాన్ని" అన్నారు. తర్వాత: "దాన్ని రెండుగా కోయమను. ఎక్కడ కోయాలో నాకు తెలీదు. వాడి ఉత్తరాలు నీ దగ్గరున్నాయి. నేను విన్నానని మాత్రం వాడికి చెప్పకు. నాకోసమని వెతికితే నాకు కావలసిందే దొరుకుతుంది వాడికి."

ఆ రోజునుంచీ దస్త్రం తిరగేశాను. మిగిలింది నీకు తెలుసు.

నీ ఆగస్టు 30 ఉత్తరం వచ్చాక మొత్తం చదివి వినిపించాను. మూత దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టారు. ఆయాసం వచ్చి డ్వేన్ వచ్చి లేపి కూర్చోబెట్టాల్సి వచ్చింది. "ఏలకుల మీద కూడా తేదీ వేస్తావా నువ్వు!" అన్నారు నాతో. తర్వాత, "వాడు మరలు విప్పాడు కదా. అంత చలిలో వెళ్ళి తన చేత్తో తనే విప్పాడు. అది రాయి ఎడమ పేజీలో" అన్నారు.

రాశాను.

అక్క

*

దక్షిణ ధ్రువం
అక్టోబరు 29

అక్కా,

సూర్యుడు వచ్చి అయిదు వారాలైంది. ఆకాశం అంచున గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు. మొదటి విమానం రేపో ఎల్లుండో. పని కొత్తవాళ్ళకి అప్పగించి బయల్దేరేసరికి నాకు నవంబరు ఆఖరవుతుంది.

నిన్న పెట్టె తెరిచారు. పరీక్షలన్నీ నెగ్గింది. నేనూ ఇక్కడినుంచి ఫోనులో విన్నాను. ఎక్కడో ఎవరో మీట నొక్కారు.

సుడులు ఉన్నాయి. అన్నీ ధూళివే. రంగు రంగుకీ మారాయి, ఎంత మారాలో అంతే. ధూళి తీసేస్తే ఏమీ మిగల్లేదు. మా కంటికి అందేటంత ఏమీ లేదు. ఇన్నేళ్ళలో ఇంత సున్నితంగా మేమెప్పుడూ చూడలేదు. సుడి ఉంటే ఇంతకంటే చిన్నదై ఉండాలని హద్దు గీశాం, అంతే. ఆ గాలి పెద్దగా వీచి ఉంటుందన్న ఊహలు కొన్ని నిన్నటితో కొట్టుకుపోయాయి.

ఆవిడకి ఎలా చెప్తావో నాకు తెలియదు. ముప్పైయేళ్ళు ఎదురుచూసినదానికి "ఏమీ లేదు" అని. నువ్వే చెప్పు. నీ పద్ధతిలో చెప్పు.

రోల్ఫ్

*

పెర్చ్ సరస్సు
నవంబరు 15

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజునుంచీ ఆవిడ ఎక్కువగా నిద్రలోనే ఉన్నారు. మొదటిసారి లేచినప్పుడు "తెరిచారా?" అన్నారు. "తెరిచారండీ" అన్నాను. "అయితే ఆగు. కూర్చోగలిగినప్పుడు చెప్పు. పడుకుని వినేది కాదది" అన్నారు. పదిహేను రోజులు అడక్కుండా ఆగారు. ముప్పైయేళ్ళ తర్వాత ఇంకో పదిహేను రోజులు, ఆవిడే మూత వేసి పెట్టారు.

సరస్సు తొమ్మిదో తేదీన గడ్డకట్టింది. ఆ పొద్దున ఒక్క ఆకు కదల్లేదు. నిన్నటికి మంచు నాలుగంగుళాలు దాటింది, డ్వేన్ మూడుచోట్ల బెజ్జాలు వేసి కొలిచాడు. ఐలా గారు నిన్న పొద్దున లేచి కూర్చుని, "నన్ను బయటికి తీసుకెళ్ళండి" అన్నారు. ఆవిణ్ణి చూసుకోవడానికి వచ్చే నర్సు వద్దంది. "వద్దంటే ఏమవుతుంది, చచ్చిపోతానా?" అన్నారు. నర్సు వెళ్ళి దుప్పట్లు తెచ్చింది.

డ్వేన్ ఆవిణ్ణి కుర్చీ బండిలో, కింద జారుడు పట్టాలుండే మన పాత బండిలో, రెండు దుప్పట్లు చుట్టి కూర్చోబెట్టాడు. రేవు నుంచి యాభై అడుగులు తోశాం. ఇన్నేళ్ళలో అలాంటి మంచు నేను రెండుసార్లు చూశాను. ఒక్క గీత లేదు, ఒక్క బుడగ లేదు. నల్లటి అద్దం. కింద రాళ్ళు, నాచు, ఒక పెర్చ్ చేప మా నీడ కింద నిలబడి ఉంది, మేం గాలిలో తేలుతున్నట్టు. దూరంగా మంచు ఎక్కడో సర్దుకుని, సరస్సు ఆ చివరినుంచి ఈ చివరిదాకా తీగ మీటినట్టు పాడింది. డ్వేన్ టోపీ తీశాడు. ఎందుకు తీశావని తర్వాత అడిగితే, "తెలీదు, చేయి దానంతటదే వెళ్ళింది" అన్నాడు.

అప్పుడు చెప్పాను. "సుడి కనిపించలేదటండీ. ఉన్నదంతా ధూళే. వాళ్ళ కంటికి అందేటంత లేదట."

ఆవిడ కిందికే చూస్తూ ఉన్నారు. అప్పుడడిగారు:

"ఈ ఏడు పుస్తకంలో ఏం రాశావు?"

"నల్లమంచు అని. గాలి లేదని."

"గాలి లేదని నీకెలా తెలుసు?"

"జాడ లేదు కదండీ."

"నా బండి కదిలేంత గాలి లేదు. నీ జుట్టు కదిలేంత లేదు. ఈక కదిలేంత ఉందేమో. అందుకని గాలి లేదని రాయకు. ఇంతకంటే తక్కువ అని రాయి. అమ్మాయ్, ఉత్త మంచుని చూసి, ఎవరూ లేని పొద్దున ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పగలుగుతున్నావు. మా వాళ్ళు కాలం మొదలైన పొద్దున ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పారు. ఇది ఏమీ లేకపోవడమా?"

చేతి తొడుగు తీసి, వంగి, అరచేయి మంచుమీద ఆనించారు. వద్దంటే వినలేదు. చలికి వేళ్ళు ఎర్రబడేదాకా అలాగే ఉంచారు.

"ఎంత నున్నగా ఉంది" అన్నారు. "ఇంత నున్నగా ఉంటుందని అనుకోలేదు."

ఇవాళ తెల్లవారి ఆరూ ఇరవైకి, నేను పక్కన ఉండగా, వెళ్ళిపోయారు. నొప్పి లేదు. క్యాలెండరు అక్టోబరు దగ్గరే ఉంది, నేను తిప్పలేదు.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ముప్పైయేళ్ళలో మొదటిసారి ఒక మాట కొట్టేసి పైన రాశాను. నవంబరు 9, గడ్డకట్టింది. "గాలి లేదు" కొట్టేశాను. "గాలి: నేను చూడగలిగినదానికంటే తక్కువ."

నువ్వొచ్చేసరికి మంచు ఇంకా మందమవుతుంది. మీద పొడిమంచు పడకపోతే ఆ నలుపు నీకూ కనిపిస్తుంది. డబ్బా మూత మాత్రం మర్చిపోకుండా తీసుకురా.

అక్క,
ఆర్లిస్